వాకిలి, పెరడు, ఖాళీగా వదిలిన గడి

నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి నాకంటే బాగా పని చేసింది. నేను ఓర్వలేకపోయాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ హాయి, చదివేవాళ్లకూ హాయి. ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఆమెను మెచ్చుకుంటే నవ్వుతూ తల ఊపి, వెంటనే మాట మార్చేస్తాను.

ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో మా ఆఫీసు. కింద టైర్ల దుకాణం, పైన మేము. ఓనరు కాక నలుగురం. బడులకూ, దుకాణాలకూ, రైతు సంఘాలకూ చిన్న చిన్న యాప్‌లు చేసి పెడతాం. ఓనరు వారంలో సగం రోజులు హైదరాబాదులో ఉంటాడు కాబట్టి ఆ సగం రోజులూ ఆఫీసు నాదే అన్నట్టు ఉండేది. పదకొండేళ్ల సర్వీసు నాది. కిటికీ పక్క సీటు నాది. కొత్తగా ఎవరు చేరినా ఓనరు వాళ్లను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టి, "సార్ దగ్గర నేర్చుకో" అనేవాడు. ఆ మాట వినడం కోసమైనా ఇంకా నలుగురిని చేర్చుకుంటే బాగుండు అనిపించేది.

ఆమె కూడా అలాగే వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్లది ఖమ్మంలో తరాల నుంచి దర్జీ పని చేసే ముస్లిం కుటుంబం. వాళ్ల నాన్న కటింగ్ మాస్టరు. మొదటి రోజే ఆమె సంచిలోంచి ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి తీసింది. దుకాణంలో కొలతలు రాసుకునే పుస్తకం. కొత్తది ఒకటి అడిగి తెచ్చుకుందట. ప్రతి పేజీలోనూ గళ్లు గీసి ఉన్నాయి. నేను చెప్పిన ప్రతి ముక్కా ఆ గళ్లలో రాసుకునేది. ఇదేం పిచ్చి, మొత్తం ఫోన్లో దొరుకుతుంది కదా అన్నాను.

"ఫోన్ల దొరుకుతది సార్. నా చేతికి గుర్తుండాలె గదా," అంది.

అప్పుడు నాకు ముద్దొచ్చింది. ఈర్ష్య ఇంకా మొదలు కాలేదు. నాకు తెలిసింది ఆమెకు తెలియనంతకాలం నేను చాలా మంచివాణ్ణి.

అసలు గొడవ క్లౌడ్‌తో వచ్చింది. అంతకుముందు మా యాప్‌లన్నీ కిరాయికి తీసుకున్న ఒకే ఒక సర్వర్ మీద నడిచేవి. మౌసుతో ఫైళ్లు అటు నుంచి ఇటు లాగితే అయిపోయేది. ఆ లాగడంలో నన్ను మించినవాడు లేడు. ఒకరోజు ఓనరు హైదరాబాదు నుంచి వచ్చి, ఇకమీదట అన్నీ ఒక క్లౌడ్ ప్లాట్‌ఫామ్ మీద పెడదామన్నాడు. యాప్ రాసి ఇస్తే చాలు, దాన్ని నడపడానికి కావలసిన మిగతా ఏర్పాట్లన్నీ ఆ ప్లాట్‌ఫామే చూసుకుంటుంది. కాకపోతే దానితో మాట్లాడాలంటే మౌసు పనికిరాదు. కమాండ్ లైన్ కావాలి. నల్ల తెర మీద ఒక్కో ఆజ్ఞ టైపు చేసి పంపాలి. ఆ టూల్స్ పెట్టి అంతా సిద్ధం చేసే పని నాకు అప్పజెప్పాడు.

సోమవారం మొదలుపెట్టాను. టూల్ దించుకున్నాను, ఇన్‌స్టాల్ చేశాను. నల్ల తెర తెరిచి దాని పేరు కొట్టాను. అలాంటి కమాండ్ ఏదీ లేదని జవాబు వచ్చింది. తీసేసి మళ్లీ పెట్టాను. మళ్లీ లేదంది. కళ్ల ముందు పెట్టిన వస్తువును లేదంటుంటే మనిషికి ఎంత మండుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మంగళవారం కూడా అదే తంతు. బుధవారం పొద్దున నేను టీకి కిందికి వెళ్లి వచ్చేసరికి ఆమె నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. చెయ్యి మాత్రం నా కీబోర్డు మీద ఉంది.

"సార్, టూల్ ఏ ఫోల్డర్ల ఉందో మిషన్‌కు చెప్పలే. పాత్‌ల కలిపితే ఐపోతది," అంది. ఒక వరుస కొట్టింది. టూల్ మాట్లాడింది.

మధ్యాహ్నానికల్లా లాగిన్ అయింది, మా సంస్థకు చోటు తెరిచింది, పరీక్ష కోసం ఒక చిన్న యాప్‌ను పుష్ చేసింది. పుష్ అంటే మన దగ్గరున్న యాప్‌ను ప్లాట్‌ఫామ్ మీదికి పంపడం. తెర మీద వరుసలు గబగబా పైకి పోతుంటే ఆఫీసంతా ఆమె వెనక చేరింది. నేను కూడా చేరి, "బాగుంది, బాగుంది," అన్నాను. ఆమె వేళ్లు చూడకుండానే కీబోర్డు మీద పడుతున్నాయి. ఆ వేళ్లను చూస్తుంటే ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా నేను రెండు వేళ్లతోనే టైపు చేస్తాను.

ప్లాట్‌ఫామ్ మీద మాకు రెండు చోట్లు కావలసి వచ్చాయి. ఒకటి మేము ప్రయోగాలు చేసుకునేది, రెండోది జనం నిజంగా వాడేది. డెవ్, ప్రొడ్ అని పేర్లు పెడదామన్నాను నేను. లోకమంతా అలాగే పెడుతుంది. ఆమె మాత్రం, "పెరడు, వాకిలి అని పెడ్దామా సార్? పెరట్ల ఏం చేసినా ఎవ్వరు చూడరు. వాకిట్ల అయితే అందరు చూస్తరు," అంది. ఓనరు పకపకా నవ్వి, అవే ఖాయం చేశాడు. నవ్వుతూ నా వైపు చూశాడు. నేనూ నవ్వాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ల నాన్న దుకాణం పద్ధతి ఒకటి కూడా ఆఫీసుకు తెచ్చింది. గుడ్డ మీద కత్తెర వేసే ముందు మాస్టరు కొలత పైకి చదువుతాడట. నడుము ఇంత, పొడుగు ఇంత అని. మిషన్ మీద కూర్చున్నతను పుస్తకం చూసి "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" వినపడేదాకా కత్తెర కదలదు. ఎందుకంటే కోసిన గుడ్డ మళ్లీ అతుక్కోదు. అలాగే, ఎప్పుడైనా కోత తప్పితే ఆ సంగతి పుస్తకంలో రాస్తారట. ఏ రోజు, ఏ గుడ్డ, ఏం తప్పింది, ఎవరు. ఆ చివరి గడిలో పేరు మాత్రం తప్పు చేసినవాడే తన చేత్తో రాయాలి. ఇంకొకరు రాయకూడదు, మాస్టరైనా సరే.

"ఎవరి పేరు వాళ్లే రాయాలని మా నాన్నకు మా తాత నేర్పిండట," అంది ఆమె.

మేము పుష్ చేయడానికి ఒకే కంప్యూటరును కేటాయించాడు ఓనరు. ఎవరు పుష్ చేయాలన్నా దాని ముందు కూర్చుని, ఎవరి ఐడీతో వాళ్లు లాగిన్ అయి, ఇప్పుడు పెరట్లో ఉన్నామో వాకిట్లో ఉన్నామో కనుక్కునే ఆజ్ఞ కొట్టి, వచ్చిన జవాబు పైకి చదవాలి. పక్కనున్నవాళ్లు చూసి "ఆఁ" అనాలి. ఇది ఆమె పెట్టించిన నియమం. ఆ టూల్‌కు ఒక గుణం ఉంది. చివరిసారి ఎక్కడ నిలబెట్టి వదిలేస్తే అక్కడే నిలబడి ఉంటుంది. అందుకని వాకిట్లో పని అయిపోగానే తిరిగి పెరట్లోకి తెచ్చి పెట్టాలి. తప్పేదైనా జరిగితే ఆమె ఎర్ర అట్ట పుస్తకంలో దుకాణంలో లాగే రాయాలి.

"మనది ఆఫీసా, దర్జీ దుకాణమా?" అన్నాను నేను అందరి ముందూ. మిగతావాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ నియమం మాత్రం నిలిచింది. రోజంతా "పెరడు", "ఆఁ", "వాకిలి", "ఆఁ" అనే మాటలు వినపడుతుంటే, ప్రతి "ఆఁ" నన్నే వెక్కిరిస్తున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే చండ్రుగొండ వైపు పామాయిల్ రైతుల సంఘం ఒకటి మా దగ్గరికి వచ్చింది. గెలలు కోశాక ఎక్కువసేపు ఉంచితే చెడిపోతాయి. లారీ ఏ ఊరికి ఏ రోజు వస్తుందో ముందుగా తెలిస్తే ఆ లెక్కన కోసుకుంటారు. ఆ వంతులు చూపించే యాప్ కావాలన్నారు. పని దాదాపు పూర్తయింది. ఓనరు ఒక మాట అన్నాడు. "వాకిలి తాళం ఇంక ఒక్కరి చేతిలనే ఉండాలె. ఎవరన్నది శనివారం వచ్చి చెప్త." వాకిలి ఎవరి చేతిలో ఉంటే ఆఫీసులో పెద్ద వాళ్లే. నాకు ఆ తాళం కావాలి. అంతకుమించి, అది ఆమెకు పోకూడదు. ఈ రెండో కోరికే బలమైనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బుధవారం ఇద్దరం చండ్రుగొండ వెళ్లాం. కారు నేనే నడిపాను. సంఘం ప్రెసిడెంటు పెద్దాయన. తోట గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన వెనక పామాయిల్ చెట్లు, ఆ వెనక అడవి. మేము దిగగానే ఆమెతో, "రా బిడ్డా, ఎండలొచ్చినవు, నీళ్లు తాగు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "డ్రైవర్ సాబ్, బండి ఆ నీడకు పెట్టు," అన్నాడు.

ఆమె కంగారుగా, "అయ్యో, సార్ మా సీనియర్," అంది. పెద్దాయన నొచ్చుకున్నాడు. అయినా ఆ తర్వాత అడిగినవన్నీ ఆమెనే అడిగాడు. ఆమె కూడా వాళ్లను అడిగింది. ఇక్కడ సిగ్నల్ ఉందా, లేకపోతే యాప్ ఎట్లా చూస్తారు అని. రోడ్డు దాకా వస్తేనే సిగ్నల్ దొరుకుతుందట. పొద్దున ఒకరు రోడ్డుకు వచ్చి చూసుకుని పోయి, తోటల్లో ఉన్నవాళ్లకు చెబుతారు. అడవి పక్క ఊళ్ల వాళ్లు కొందరు తమలో తాము వేరే భాషలో మాట్లాడుకుంటూ, మధ్యమధ్య ఆమె ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. ఒక్కసారి తెరిస్తే ఆ రోజంతా సిగ్నల్ లేకున్నా వంతులు కనపడేలా చేస్తానని ఆమె అక్కడికక్కడే మాటిచ్చింది. సిగ్నల్ సంగతి అడగాలని నాకు తట్టనే లేదు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆమె ఆ మార్పు ఎలా చేయాలో చెబుతూ ఉంది. నేను గేర్లు మారుస్తూ కూర్చున్నాను. డ్రైవర్ సాబ్‌నే కదా.

గురువారం రాత్రికల్లా ఆమె ఆ మార్పు చేసి వాకిట్లో పెట్టేసింది. శుక్రవారం మధ్యాహ్నం లారీ డ్రైవర్ ఫోన్ నంబరు ఒకటి మారిందంటే, మళ్లీ వాకిట్లోకి వెళ్లి అది సరిచేసింది. అంతలో వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. ఇంటికి చుట్టాలొచ్చారు, శుక్రవారం కదా, జల్దీ రమ్మని. ఆమె లేచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు భోజనానికి కిందికి దిగారు. నేనొక్కణ్ణే మిగిలాను.

నాకు అదే కావాలి. రెండు రోజులుగా ఎవరికీ చెప్పకుండా అదే యాప్‌ను నా పద్ధతిలో మళ్లీ రాశాను. రంగులు బాగా కుదిరాయి, అక్షరాలు పెద్దవి. ఇంకా అసలు డేటా కలపలేదు. పరీక్ష కోసం నాకు తోచిన ఊళ్ల పేర్లు రాసిపెట్టుకున్నాను. మనిషికి ముందు తోచేది సొంత ఊరే కదా. మా తాతలు కోస్తా వైపు నుంచి వచ్చి కుసుమంచి దగ్గర భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. అందుకని సోమవారం లారీ కుసుమంచికి, మంగళవారం లారీ కుసుమంచికి, వారమంతా లారీ కుసుమంచికే అని రాసుకున్నాను. దీన్ని పెరట్లో పెట్టి, ఆమె వచ్చేసరికి అది నడుస్తుండగా చూపించాలి. శనివారం ఓనరు వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడమనాలి.

ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమె లాగిన్ అలాగే ఉంది. నా ఐడీతో మళ్లీ ఎవరు లాగిన్ అవుతారులే అనుకున్నాను. ఎక్కడున్నానో చూసుకోలేదు. చూసి పైకి చదివితే "ఆఁ" అనడానికి ఎవరున్నారు? ఉన్నా నేను చదివేవాణ్ణి కాదు. నా రెండు వేళ్లతో పుష్ అని కొట్టాను. వరుసలు పైకి పోయాయి. చివర పచ్చరంగులో యాప్ నడుస్తోందని వచ్చింది. ఆ పచ్చరంగు చూసి మీసం మెలేసినంత పని చేశాను.

పది నిమిషాలకు ఆఫీసు ఫోన్ మోగింది. చండ్రుగొండ పెద్దాయన.

"ఏంది సార్ ఇది? గెలలు కోసి రోడ్డు మీద ఏసినం. ఇయ్యాల లారీ కుసుమంచికి పోతదని చూపిస్తున్నది. కుసుమంచిల పామాయిల్ ఎప్పుడు బెట్టిన్రు?"

చూస్తాను, ఇప్పుడే చూస్తాను అని పెట్టేశాను. ఎక్కడున్నానో కనుక్కునే ఆజ్ఞ అప్పుడు కొట్టాను. వాకిలి అని వచ్చింది. రెండు చోట్లా యాప్ పేరు ఒకటే కాబట్టి నాది పోయి ఆమెదాని మీద కూర్చుంది. వెనక్కి ఎలా తీయాలో నాకు తెలియదు. కుర్చీలోంచి లేచి నా సీట్లోకి వెళ్లి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. నలభై దాటిన మనిషిని, చేసింది ఇదీ.

పెద్దాయన ఆమెకు కూడా ఫోన్ చేశాడేమో, మెట్లెక్కి పరుగున వచ్చింది. తెర చూసింది. కుసుమంచి, కుసుమంచి, కుసుమంచి. మా ఊరు కుసుమంచి అని ఆఫీసులో తెలియనివాళ్లు లేరు. ఆమె నా వైపు తిరగలేదు. పుస్తకం తెరిచి, ఆజ్ఞ కొట్టి, వచ్చిన జవాబు పైకి చదివింది.

"వాకిలి. పాతది మళ్ల పెడ్తున్న."

చెయ్యి కీబోర్డు మీద ఆపి అలాగే ఉండిపోయింది. అక్కడ రోడ్డు మీద గెలలు ఎండుతున్నాయి. ఇక్కడ ఆమె ఒక "ఆఁ" కోసం ఆగింది. ఆఫీసులో ఉన్నది నేనొక్కణ్ణే. చివరికి అన్నాను. అప్పుడు పుష్ చేసింది. యాప్ సర్దుకుంది. ఆ తర్వాత లారీకి ఫోన్ చేసి, చండ్రుగొండకే పొమ్మని కూడా తనే చెప్పింది.

సాయంత్రం ఓనరు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టమన్నాడు. ప్లాట్‌ఫామ్ చిట్టాలో ఎవరి లాగిన్‌తో ఏం జరిగిందో ఉంటుంది. ఆయన చిట్టా ఒక్కటే చూశాడు. చెడిన తెర ఆయన చూడలేదు.

"నీ లాగిన్ మీదనే పుష్ అయింది గదమ్మా. నువ్వే చేసినవా?"

"మిషన్ బంద్ చెయ్యకుండ పోయిన సార్. వాకిట్లనే వదిలేసి పోయిన. అది నా తప్పే," అంది.

"మరి పుష్ ఎవరు చేసిన్రు?"

ఆమె జవాబు చెప్పలేదు. మిగతా ఇద్దరూ బల్లలు చూసుకుంటున్నారు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఇప్పుడు చెప్పొచ్చు, ఇప్పుడు చెప్పొచ్చు అనుకుంటూనే ఉన్నాను. ఓనరు, "సరే. సోమవారం సంది వాకిలి సార్ చూసుకుంటడు," అన్నాడు.

కోరుకున్నది దొరికింది. ఆ ఒక్క క్షణం నాకు సంతోషమే కలిగింది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు.

సోమవారం ఆమె వచ్చి ఎర్ర అట్ట పుస్తకం నా బల్ల మీద పెట్టింది. "అన్ని కమాండ్లు దీంట్లనే ఉన్నయ్ సార్," అని తన సీటుకు వెళ్లిపోయింది. పేజీలు తిప్పాను. చివరగా రాసిన వరుస శుక్రవారానిది. రోజు గడిలో శుక్రవారం. చోటు గడిలో వాకిలి. ఏం తప్పింది అన్న గడిలో "చెప్పకుండా పుష్". ఎవరు అన్న గడి ఖాళీగా ఉంది. దాని పైవరుసలో అదే రోజుకు ఇంకొకటి ఉంది. "మిషన్ వదిలేసి పోవడం." దాని పక్కన ఆమె పేరు, ఆమె చేతిరాతలో.

ఆ ఖాళీ గడిని చూసి నాకు కోపం వచ్చింది. తిట్టొచ్చు కదా, ఓనరుకు చెప్పొచ్చు కదా. అలా చేస్తే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. ఇందులోనూ నన్ను మించిపోయిందే అని కుళ్లుకున్నాను. కమాండ్లు నేర్చుకుంటే వస్తాయి. ఇది ఎక్కడ నేర్పుతారో నాకు తెలియదు.

తొమ్మిది రోజులు వాకిలి నా చేతిలో ఉంది. పుష్ చేసే ముందు "వాకిలి" అని చదివేవాణ్ణి. ఆమె పక్క సీట్లోంచి వంగి, తెర చూసి, ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా "ఆఁ" అనేది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటుందేమోనని ప్రతిసారీ వెతికేవాణ్ణి. మూడో రోజు నుంచి అన్నం సయించలేదు. ఇంట్లో అడిగితే పని ఒత్తిడి అన్నాను.

పదో రోజు ఓనరు ఆఫీసులోనే ఉన్నాడు. పుస్తకం తెరిచి ఆ గడిలో నా పేరు రాశాను. చిన్న గడి, నా పేరు పొడుగు, చివరి అక్షరాలు అంచు దాటాయి. దాన్ని తీసుకెళ్లి ఓనరు ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఆ పేజీ చూసి తలెత్తాడు.

"అమ్మాయికి తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసు."

వాకిలి ఆమెకు పోయింది. పోవాల్సిందే. అది తెలిసినా, ఓనరు అందరి ముందూ ఆ మాట చెబుతున్నప్పుడు నా మనసు మాత్రం శుభ్రపడలేదు. అప్పుడూ ఓర్వలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా ఓర్చుకున్నానని చెప్పలేను.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆమె పేజీ తిప్పి ఆ వరుస మీద వేలు పెట్టి, కొలతలు చదివినట్టే పైకి చదివింది.

"శుక్రవారం. వాకిలి. చెప్పకుండా పుష్." ఆ తర్వాత నా పేరు చదివింది, ఇంటిపేరుతో సహా, సార్ అనకుండా. వేలు అక్కడే ఉంచి, నా వైపు చూసి ఆగింది.

"ఆఁ," అన్నాను.